పర్లాకిమిడిలో 8 డెసిమల్ ఇల్లు: పెరట్లో మన నేల మొక్కలు, వండుకునే మొక్కలు ఎలా అమర్చుకోవాలి?

మహేంద్రతనయ | పర్లాకిమిడి

అందరికీ నమస్కారం. మాది 8 డెసిమల్ స్థలం, అంటే మన 8 సెంట్లే. వెడల్పు 40 అడుగులు, పొడవు 87. ఇల్లు దక్షిణం చూస్తూ ముందు భాగంలో కట్టుకున్నాం. వెనక, ఉత్తరాన, సుమారు 40 అడుగులకు 40 అడుగుల ఖాళీ మిగిలింది. ఈశాన్యం మూల బావి ఉంది. ఎండల్లో నీళ్లు బాగా కిందికి పోతాయి గానీ పూర్తిగా ఎండదు. ఎర్ర నేల, గడ్డపార వేస్తే గులకరాళ్లు. వెనక ప్రహరీ ఇంకా లేవలేదు.

మేస్త్రీ వెనకంతా టైల్స్ పరిచేద్దాం, బురద ఉండదు అంటున్నాడు. నర్సరీ అతను లాన్ వేసి చుట్టూ పామ్ మొక్కలు పెడతానంటున్నాడు. మా అత్తగారికి దేవుడి పూలు, దొండపాదు, కరివేపాకు చెట్టు ఉంటే చాలు. నాకేమో ఈ నేలకు అలవాటైన మొక్కలతో, ఏడాది పొడుగునా ఇంట్లోకి ఏదో ఒక కూర, ఆకు, పండు వచ్చేలా పెరడు ఉండాలని ఉంది. పక్కింటి ఒడియా వాళ్ల బాడి, అంటే పెరటి తోట, చూస్తే ముచ్చటేస్తుంది. సంతలో కూరగాయల కోసం పెద్దగా తిరగరు వాళ్లు.

చెట్లంటే ఒక భయం కూడా ఉంది. తిత్లీ తుఫాను రోజున మా పాత ఇంటి మీద కొబ్బరి పడి రేకులు పోయాయి. అందుకని అడుగుతున్నా. ఏది ఎక్కడ పెట్టాలి? గోడ కట్టాలా, కంచె నాటాలా? తొలకరి పడేలోగా ఏం చేసి ఉంచుకోవాలి?

వంశధార గట్టు | గుణుపురం

అమ్మాయ్, టైల్స్ మాట మేస్త్రీతో ఇవాళే వద్దని చెప్పేయ్. ఇంటి వెనక నడవడానికి మూడడుగుల బాట, బట్టలుతికే బండ, అంతవరకు చాలు. మిగతా నేలకు వాన తగలాలి. మీ బావి ఎండల్లో బతికేది ఆ నీటితోనే.

మొక్కల పేర్లు రాసుకోకముందు నీటి దారి చూడు. మొదటి పెద్ద వాన పడ్డప్పుడు గొడుగు పట్టుకుని పెరట్లోకి వెళ్లి, నీరు ఎటు నుంచి వస్తోంది, ఎక్కడ నిలుస్తోంది, ఎటు పోతోంది చూసి పుల్లలు పాతు. మన వైపు వాన జూన్ నుంచి సెప్టెంబరు లోపే చాలామటుకు కురిసేస్తుంది. అక్టోబరులో వాయుగుండాల వాన ఒకటి రెండు విడతలు. ఆ తర్వాత మే దాకా దాదాపు ఏమీ ఉండదు. గులకరాళ్ల ఎర్రమట్టిలో నీరు నిలవదు, తిన్నగా దిగిపోతుంది. కాబట్టి ఉన్న నాలుగు నెలల్లో ఎంత నీటిని పెరట్లోనే ఆపగలిగితే అంత లాభం.

వాలుకు అడ్డంగా అడుగు లోతు కాలువలు రెండు తీయించు. తీసిన మట్టిని కిందివైపు గట్టుగా వెయ్. కాలువలో ఆకులు, కొబ్బరి డొక్కలు నింపు. గట్టు మీద కందులు, కింద చేమ. డాబా మీది నీటి గొట్టాన్ని మొదటి కాలువలోకి తిప్పు. స్నానాల గది నీరు అరటికి వదులు. బట్టల పౌడరు నీళ్లు మాత్రం ఆకుకూరలకు పోకూడదు, అందులో సోడియం ఎక్కువ, మట్టి గట్టిపడుతుంది.

పచ్చి పేడ వెయ్యొద్దు. ఎర్ర నేలలో చెదలు పట్టుకుంటాయి. బాగా మాగిన ఎరువు, కాస్త వేపపిండి.

జయపురం మాస్టారు | జయపురం

బాబాయ్ గారు నీటి సంగతి చెప్పారు, నేను ఎండ సంగతి చెప్తాను. మీ పెరడు ఇంటికి ఉత్తరాన ఉంది కదా, నీడ లెక్క తప్పనిసరి.

పర్లాకిమిడి దాదాపు 19 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉంది. డిసెంబరు చివరి వారంలో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు దక్షిణాన 48 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. 12 అడుగుల ఎత్తు ఇల్లు ఉత్తరం వైపు 11 అడుగుల నీడ వేస్తుంది. పిట్టగోడ కలిపితే ఇంకో మూడడుగులు కలుపుకోండి. రేపు పై అంతస్తు వేస్తే ఆ నీడ రెట్టింపవుతుంది, అది కూడా ఇప్పుడే ఆలోచించుకోవాలి. చలికాలమే మనకు పాలకూర, ధనియాలు, ముల్లంగి, టమాటాల కాలం. ఆ మడులు ఇంటి గోడ నుంచి 14 అడుగులు దాటాకే మొదలవ్వాలి.

అయితే ఇంటి గోడ పక్క జాగా వృథా కాదు. మే నెల నడుమ నుంచి జూలై చివరి దాకా మధ్యాహ్నం సూర్యుడు మనకు నడినెత్తి దాటి కాస్త ఉత్తరానికే ఉంటాడు. ఆ రోజుల్లో ఆ పట్టీకి వెలుగు బాగా తగులుతుంది. సరిగ్గా అప్పుడే మొలిచి ఆకు వేసే దుంపజాతి మొక్కలకు అది మంచి చోటు. పసుపు, అల్లం, మామిడి అల్లం, కంద, చేమ, నీడ పట్టున తమలపాకు, పిప్పలి తీగ. పిప్పలి మన తూర్పు కనుమల్లో దానంతట అదే పెరిగే తీగ. ఒకసారి అల్లుకుంటే నేల కనపడకుండా కప్పేస్తుంది.

నాగావళి యువకుడు | రాయగడ

చదువుతుంటే బాగుంది. నాకు రెండు విషయాలు అడగాలని ఉంది.

ఒకటి, కోతులు. రాయగడలో మా వీధిలో జామ చెట్టు పెట్టుకున్నవాళ్లకు జామకాయ దక్కడం లేదు. పర్లాకిమిడిలో ఆ బెడద లేకపోతే మీరు అదృష్టవంతులు.

రెండోది అసలు ప్రశ్న. "మన నేల మొక్కలు" అంటే ఏవి? మిరప, టమాటా, జామ, బొప్పాయి, సీతాఫలం, సపోటా, జీడిమామిడి, అనాస, అన్నీ అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. చింత పుట్టింది ఆఫ్రికాలో. నియమగిరి కొండజాతి డోంగ్రియాలు రాయగడ సంతకు తెచ్చే అనాస కూడా బయట నుంచి వచ్చిందే కదా. వీటన్నిటినీ పక్కన పెడితే పెరట్లో ఏం మిగులుతుంది? వంటెలా?

జయపురం మాస్టారు | జయపురం

మంచి ప్రశ్న తమ్ముడూ. దీనికి జవాబు పుస్తకాల్లో వెతకక్కర్లేదు, మన ఇళ్లలోనే ఉంది. తద్దినం వంట గుర్తు తెచ్చుకో. పాత పద్ధతి పాటించే ఇళ్లలో ఆ రోజు బంగాళాదుంప, టమాటా, క్యాబేజీ, మిరపకాయ పొయ్యి దగ్గరికి రావు. అరటికాయ, కంద, చేమ, పెండలం, పొట్లకాయ, కాకర, కరివేపాకు, అల్లం, మిరియాలు. ఇటు ఒడియా వాళ్లనే చూడు. పూరీ జగన్నాథుని వంటశాలలో కూడా బంగాళాదుంప, టమాటా, పచ్చిమిరప వాడరు. కార్తీకంలో హబిస వ్రతం పట్టే ఇళ్లలో దాల్మాకు, అంటే వాళ్ల కూరల పప్పుకు, ఓలువ, సారు, పచ్చి అరటి చాలు. అంటే కంద, చేమ, అరటి. మిరప రాకముందు ఈ నేల మీద జనం ఏం తిన్నారో ఆ వంటల జాబితాలో భద్రంగా ఉంది. పెరడు వేసేవాళ్లకు అంతకన్నా మంచి జాబితా నాకు తెలిసి లేదు.

దానికి ఇంకా కలుపుకో. వంకాయ, బీర, దోస, దొండ, బోడకాకర, మునగ మన దేశపువే. కంది పుట్టిందీ ఇక్కడే. కందికి దగ్గరి చుట్టమైన అడవి కంది ఇప్పటికీ ఒడిశా, బస్తర్ కొండల్లో పెరుగుతోంది. మా జయపురం ప్రాంతాన్ని వరి రకరకాలుగా విస్తరించిన చోటుగా శాస్త్రవేత్తలు చెప్తారు. కొరాపుట్ సంప్రదాయ సేద్యాన్ని 2012లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ప్రపంచ వారసత్వ వ్యవసాయ వ్యవస్థగా గుర్తించింది. ఇంత సంపద మధ్య కూర్చుని లాన్‌కు నీళ్లు పోయడం నాకు బాధగా ఉంటుంది.

మన నేల చెట్టు ఎందుకు ముఖ్యమంటే, పురుగూ పిట్టా దాన్ని గుర్తుపడతాయి. కరివేపాకు, నిమ్మ, మారేడు ఉంటే నిమ్మ సీతాకోకచిలుక వచ్చి గుడ్లు పెడుతుంది. రేల చెట్టు ఉంటే పసుపుపచ్చ సీతాకోకచిలుకలు, ఈశ్వరి తీగ ఉంటే ఎర్ర ఒంటి సీతాకోకచిలుకలు. వాటి గొంగళ్ల కోసం పిట్టలొస్తాయి, ఆ పిట్టలు మీ వంగమొక్కల మీది పురుగును కూడా ఏరుకుంటాయి. పామ్ మొక్క మీద ఇలాంటి రాకపోకలు చాలా తక్కువ.

నేను పాటించేది ఇది. కంచె, చెట్లు, పొదలు, అంటే ఏళ్ల తరబడి ఉండేవి, మన నేలవే పెట్టండి. ఏడాదిలోపు తీసేసే మడుల్లో మిరప, టమాటా నిశ్చింతగా వేసుకోండి. అవి పెరడు దాటి పోవు. సుబాబుల్, లాంటానా, కోనోకార్పస్ మాత్రం ఎవరు ఊరికే ఇచ్చినా వద్దు. కోనోకార్పస్‌ను గుజరాత్ ప్రభుత్వం 2023లో నిషేధించింది కూడా.

నాగావళి యువకుడు | రాయగడ

మాస్టారూ, తద్దినం వంట మాట నిజంగా కళ్లు తెరిపించింది. కానీ ఒకచోట మీతో ఏకీభవించలేను. సీతాఫలాన్ని చెట్టు కాబట్టి వద్దంటే ఎలా? మా వైపు రాళ్ల గుట్టల మీద ఎవరూ నీళ్లు పోయకుండా కాస్తుంది. కొండ మీది ఆడవాళ్లకు ఆ బుట్టలే దసరా ఖర్చు. మేక ముట్టదు, ఎరువు అడగదు. వందల ఏళ్లుగా ఈ నేల మీద బతుకుతున్న చెట్టును పరాయిదని నేననను.

జయపురం మాస్టారు | జయపురం

ఒప్పుకుంటాను. సీతాఫలం ఒకటి పెట్టుకోమనే చెప్తాను, గులకరాళ్ల మూల దానికి సరిపోతుంది. వేరే మొక్కల జాగా కబ్జా చేయకుండా, నీళ్లు తోడేయకుండా, తిండి పెట్టే చెట్టుకు చోటివ్వడంలో నాకు అభ్యంతరం లేదు. కానీ ఉన్న నాలుగు చెట్ల చోట్లూ జామ, సపోటా, సీతాఫలం, బొప్పాయితోనే నిండిపోతే ఉసిరికి, నిమ్మకు ఎక్కడ ఉంటుంది చోటు? నా బెంగ అదొక్కటే.

బరంపురం అక్క | బరంపురం

చెల్లీ, కంచె గురించి ఎవరూ రాయలేదు, నేను రాస్తాను. నాకు అన్నిటికన్నా ఇష్టమైన విషయం అది.

రెండు పక్కలా ఇళ్లుంటే అటూ ఇటూ గోడ తప్పదు. వెనక ఉత్తరం వైపు మాత్రం గోడ బదులు వాక్కాయ కంచె వెయ్. మన దేశపు మొక్క, ముళ్లు గట్టివి, ఆవు, మేక, మనిషి ఎవరూ దూరలేరు. రెండున్నర అడుగులకొకటి చొప్పున నాటి, మొదటి ఏడాది నుంచే తల తుంచుతూ ఉంటే కింద నుంచి గుబురుగా వస్తుంది. మూడో ఏటికి కంచె అవుతుంది, కాయా వస్తుంది. వానాకాలంలో వాక్కాయ పప్పు, పచ్చడి, కొబ్బరి వేసి కూర. చింతపండు కొనే పని కొన్నాళ్లు తప్పుతుంది. తెల్లటి పూలకు సన్నటి వాసన ఉంటుంది, తేనెటీగలు వదలవు.

తుఫాను గాలికి కూడా కంచే మేలు. గట్టి గోడకు తగిలిన గాలి పైకి లేచి అవతల సుడి తిరుగుతూ పడుతుంది, గోడ వెనకున్న మొక్కలే ఎక్కువ దెబ్బతింటాయి. ఆకుల కంచె గాలిని జల్లించి నెమ్మదింపజేస్తుంది.

ఇంట్లో చిన్నపిల్లలుంటే ఆడుకునే వైపు ముళ్లు వద్దు. అక్కడ అడ్డసరం, వావిలి కలిపి వెయ్. రెండిటినీ పశువులు ముట్టవు. రెండూ దగ్గుకు, ఒళ్లు నొప్పులకు మన పెద్దవాళ్లు వాడినవే. కొమ్మ గుచ్చితే బతుకుతాయి. మా గంజాం వైపు పొలం గట్లకు మొగలి పొదలే కంచె. గంజాం మొగలి పూవుకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. వాసన అద్భుతం, కానీ 40 అడుగుల పెరట్లో అది సగం జాగా తినేస్తుంది, పెట్టకు.

కంచె వారగా లోపలివైపు వట్టివేరు ఒక వరుస. వేరు లోతుకు దిగి మట్టిని పట్టుకుంటుంది, వాన నీరు కంచె కింద నుంచి మట్టిని మోసుకుపోదు. కోసిన గడ్డి మడుల మీద పరుచుకోవచ్చు.

దేవుడి పూలకు నందివర్ధనం, పారిజాతం, మందార, శంఖపుష్పం. నందివర్ధనం సగం నీడలోనూ పూస్తుంది, ఇంటి గోడ పక్కన పెట్టొచ్చు. పారిజాతం నిద్ర లేవగానే కనపడే చోట పెట్టు, మీ అత్తగారు సంతోషిస్తారు.

మహేంద్రతనయ | పర్లాకిమిడి

అక్కా, చాలా థాంక్స్. వాక్కాయ సంగతి మా అత్తగారికి చదివి వినిపిస్తే ఆవిడ పుట్టింట్లో అదే కంచె ఉండేదట, వెంటనే ఒప్పేసుకున్నారు. మాకు నాలుగేళ్ల పాప ఉంది కాబట్టి పడమటి వైపు అడ్డసరం వేస్తాం.

ఇప్పుడు చెట్ల సంగతి చెప్పండి. గాలికి పడనివి, ఇంటి మీదికి రానివి ఏవి? మునగ తప్పకుండా కావాలి.

వంశధార గట్టు | గుణుపురం

తిత్లీ 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటి మీ గజపతి కొండల మీదికే వచ్చింది. ఆ గాలికి కొబ్బరి, జీడి, అరటి ఎలా పడ్డాయో అందరం చూశాం. చెట్టు మంచిదా చెడ్డదా అని కాకుండా ఎత్తెంత, ఇంటికి దూరమెంత అని చూడు. ఎంత ఎత్తు పెరగనిస్తావో ఇంటికి కనీసం అంత దూరం ఉండాలి.

పెరట్లో పెద్ద చెట్టు ఒకటే పెట్టు, వాయవ్యం మూల. పనస గానీ నేరేడు గానీ. నన్నడిగితే పనస. పచ్చికాయ కూర, పండు, గింజలు, ఆకు మేకలకు. అంటు మొక్క అయితే మూడు నాలుగేళ్లకు కాపు మొదలవుతుంది. ఏటా కొసలు కోయించి 15 అడుగుల లోపు ఆపు. కాయ మొద్దుకే కాస్తుంది కాబట్టి ఎత్తు కోస్తే నష్టం లేదు.

మునగ కొమ్మ పెళుసు. పెరగనిస్తే మామూలు గాలికే విరుగుతుంది. నడుము ఎత్తుకు రాగానే తల తుంచు, పక్క కొమ్మలు వస్తాయి. ఏటా కాపు అయ్యాక మూడు నాలుగడుగుల ఎత్తుకు నరుకు. ఆకూ కాయా చేతికందుతాయి, గాలికి దొరకదు. నీరు నిలిచే చోట మాత్రం పెట్టకు, వేరు కుళ్లుతుంది.

ఉసిరి ఒక్కటే పెడితే కాయ పలచగా పడుతుంది. వేరే రకం పుప్పొడి కావాలి దానికి. చకయ్య రకం ఒకటి, కృష్ణ రకం ఒకటి పెట్టుకో. జాగా లేదంటే పక్కింటి వాళ్లతో మాట్లాడుకుని చెరొకటి పెట్టుకోండి, తేనెటీగలకు ప్రహరీ అడ్డం కాదు. నిమ్మ ఒకటి, కరివేపాకు రెండు, బావి పక్క కాకుండా మురుగు తగలని చోట.

సెప్టెంబరు ఆఖర్లో అన్ని చెట్లనూ ఒకసారి చూసి, ఎండు కొమ్మలు, మితిమీరి గుబురెక్కిన కొమ్మలు తీసేయించు. అక్టోబరు గాలి వచ్చేసరికి చెట్టు తేలిగ్గా ఉండాలి.

ఇక దుంపల సంగతి. మాస్టారు పేర్లు చెప్పి వదిలేశారు, నేను వివరంగా రాస్తాను, ఎందుకంటే కొత్త ఇళ్లలో ఇవే మాయమైపోతున్నాయి. తుఫానొచ్చి పైనున్నదంతా పోయినా భూమిలో దుంప ఉంటుంది. వారం కరెంటు లేకపోయినా పాడవదు. కోతి కందనూ పసుపునూ ముట్టదు. ఇంత నమ్మకమైన పంట పెరట్లో ఇంకోటి లేదు.

కందకు గజేంద్ర రకం తెచ్చుకో. అది మన కొవ్వూరులో ఎంపిక చేసిన రకమే, దురద దాదాపు ఉండదు. అడుగున్నర గుంట తీసి, సగం మాగిన ఎరువు, సగం పైమట్టి నింపి, అరకిలో నుంచి కిలో ముక్క పెట్టు. గుంటకూ గుంటకూ మూడడుగులు. మే నెలలో పెడితే సంక్రాంతి లోపు తవ్వుకోవచ్చు. పైన ఎండుటాకులు మందంగా కప్పు, అప్పుడు కలుపు కూడా ఉండదు.

పెండలం తీగ, దానికి ఎక్కడానికి ఏదైనా ఉండాలి. వెదురు పందిరి గానీ, సీతాఫలం చెట్టు గానీ చాలు. పావుకిలో ముక్క పెడితే శివరాత్రికి మంచి దుంపలు. చేమ, మొదటి కాలువ కింద తేమ చోట. ఆకు లేతప్పుడు కూర, తర్వాత దుంప. చేమా కందా గొంతు పట్టుకోవడానికి కారణం వాటిలోని సూదుల్లాంటి ఆక్సలేట్ రవ్వలు, చింతపండు వేసి బాగా ఉడికిస్తే పోతుంది. మామిడి అల్లం ఒక్క కొమ్ము పెట్టు చాలు, దానంతట అదే పాకుతుంది.

విత్తనపు దుంపలు సవర అక్కలు సంతకు తెస్తారు. మంచి రకాలు కావాలంటే భువనేశ్వర్‌లో కేంద్ర దుంప పంటల పరిశోధన సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. నారింజ రంగు గుజ్జు చిలగడదుంప భూ సోన అక్కడి నుంచి వచ్చిందే. మట్టి పరీక్షకు మీ జిల్లా కృషి విజ్ఞాన కేంద్రం ఆర్.ఉదయగిరిలో ఉంది.

నాగావళి యువకుడు | రాయగడ

బాబాయ్, కోతి ముట్టని పంటల మాట రాసినందుకు దండాలు. మా ఇంట్లో ఈ ఏడే కంద పెట్టిస్తాను.

ఒక సందేహం. మా పెరట్లో బోడకాకర తీగ రెండేళ్ల నుంచి విరగబూస్తోంది, ఒక్క కాయ లేదు. ఎరువు వేశాం, నీళ్లు పెట్టాం. నర్సరీలో అడిగితే ఏదో టానిక్ అమ్మారు. సంతలో కిలో ధర వింటే గుండె ఆగుతోంది, కాబట్టి ఇంట్లో కాయించాలని ఉంది.

బరంపురం అక్క | బరంపురం

టానిక్ ఆపేయ్ తమ్ముడూ, మీ తీగకు జబ్బేమీ లేదు. అది మగ తీగ అయుంటుంది. బోడకాకరలో ఆడ తీగ వేరు, మగ తీగ వేరు. పువ్వు కింద చూడు. చిన్న ముళ్ల బుడిపె ఉంటే ఆడది, కాడ ఉత్తగా ఉంటే మగది. పది ఆడ తీగలకు ఒక మగ తీగ చాలు. గింజ వేస్తే ఏది మొలుస్తుందో పూసేదాకా తెలియదు, అందుకే కాయ కాసిన తీగ దుంప అడిగి తెచ్చుకోవాలి. మగదాన్ని తీసేయకు, పక్కన నాలుగు ఆడ దుంపలు పెట్టు.

ఇంకో సంగతి. చిన్న కాయ రకం సాయంత్రం పూట విచ్చుకుంటుంది, రెక్కల పురుగులు పుప్పొడి మోస్తాయి. కాయ పెద్దగా ఉండే కాంకడ రకం తెల్లవారుజామున విచ్చుకుంటుంది. పురుగులు తక్కువైతే విచ్చుకున్న వేళ మగ పువ్వు కోసి ఆడ పువ్వు నడిమికి అద్దు. బీర, సొర, పొట్ల కూడా సాయంత్రం పూసేవే. అందుకే సాయంత్రం పూట ఏ మందూ కొట్టొద్దు, వేప కషాయమైనా సరే.

కాయ ఈగ కోసం చెప్పనా? వాసనతో ఈగను లాగి పట్టే బుట్టలుంటాయి. తీగజాతి కాయలకు క్యూ లూర్ బుట్ట, మామిడి జామలకు మిథైల్ యూజినాల్ బుట్ట, రెండూ వేరు. తులసి ఆకు నలిపి పెడితే మామిడి ఈగ వస్తుంది, బీర ఈగ రాదు. పుచ్చిన కాయలు కుప్ప మీద పడేయకుండా లోతుగా పూడ్చెయ్యాలి.

ప్రాణహిత ఒడ్డు | సిరోంచ

గడ్చిరోలి జిల్లా నుంచి నమస్కారం. మాది మహారాష్ట్ర అంచు, నల్లరేగడి. ఇవన్నీ చదివి మాలాంటి నేలలో అలాగే చేయబోయేవాళ్ల కోసం రెండు ముక్కలు.

నల్ల మట్టిలో కాలువ తీసి నీరు ఆపితే మునగ, బొప్పాయి వేరు కుళ్లి చస్తాయి. మాకు గట్టు కావాలి, గుంట కాదు. అడుగు ఎత్తు మడులు వేసి, వాటి మీదే దుంపలు, ఆకుకూరలు. ఎండలు 45 డిగ్రీలు దాటుతాయి కాబట్టి పడమటి గోడకు చిక్కుడు పందిరి గానీ తిప్పతీగ గానీ కట్టుకోవాలి, ఇల్లు కూడా చల్లబడుతుంది. మే నెలలో ఆకుకూర దొరకని రోజుల్లో మాకు దిక్కు బచ్చలి, గంగవాయిలి, పొన్నగంటి. వాటిని కలుపని పీకేయకండి.

మహేంద్రతనయ | పర్లాకిమిడి

అందరూ చెప్పినవి కాగితం మీద గీసి చూశాం. ఇలా వచ్చింది, తప్పులుంటే చెప్పండి.

ఇంటి గోడ నుంచి మూడడుగుల బాట. దాన్ని ఆనుకుని 11 అడుగుల నీడ పట్టీలో నందివర్ధనం, పసుపు, అల్లం, కంద, తమలపాకు. తర్వాత మొదటి కాలువ, దాని కింద చేమ, గట్టు మీద కందులు. నడుమ ఎండ పడే చోట నాలుగడుగుల వెడల్పు మడులు నాలుగు, మధ్య బాటలతో. పడమర అడ్డసరం, దాని పక్క మునగ, నిమ్మ. వాయవ్యం మూల పనస. తూర్పున బావికి ఇవతల కరివేపాకు, పారిజాతం, స్నానాల నీటి దగ్గర అరటి. ఉత్తరం కంచె వాక్కాయ, వట్టివేరు. కంచె ముందు దొండ, బోడకాకర పందిరి, పెండలం. సీతాఫలం గులకరాళ్ల చోట. ఉసిరి మాత్రం పక్కింటి వాళ్లతో మాట్లాడాం. వాళ్ల బాడిలో ఒకటుంది, రకం కనుక్కుని మేం ఇంకో రకం పెడతాం.

జయపురం మాస్టారు | జయపురం

బాగుంది అమ్మా. రెండు మార్పులు. కంది ఆరేడు అడుగులు పెరుగుతుంది. కాలువ గట్టు మీద బారుగా వేస్తే చలికాలంలో మీ మడులకు దక్షిణాన నిలబడి నీడేస్తుంది. పడమటి చివర ఒక గుబురుగా వేయండి, లేదా కంచె వైపు మార్చండి. గట్టు మీద ఉలవల్లాంటి పొట్టివి వేసుకోవచ్చు. రెండోది, పందిరి ఉత్తరాన పెట్టడం సరైనదే, కానీ వాక్కాయకు అడుగున్నర ఎడం ఇవ్వండి, కోతకు చేయి పట్టాలి.

ఇంకా కుదిరితే కంచె మూల ఒక చోట ఈశ్వరి తీగ, జిల్లేడు ఉండనివ్వండి. మీ పాపకు గొంగళి నుంచి సీతాకోకచిలుక దాకా అంతా పెరట్లోనే చూపించొచ్చు. రెండూ విషపు మొక్కలే కాబట్టి నోట్లో పెట్టుకోకూడదని ముందే నేర్పండి.

మహేంద్రతనయ | పర్లాకిమిడి

అలాగే మాస్టారూ, కందులు కంచె వైపు మార్చేశాం. బాబాయ్ గారూ, గజేంద్ర కంద ఇక్కడ సంతలో దొరకలేదు. నాటు కందే ఉంది. ఆగాలా, అదే పెట్టేయాలా?

వంశధార గట్టు | గుణుపురం

ఆగకు, మే దాటితే దుంప ఊరే కాలం తగ్గిపోతుంది. మా ఇంట్లో గజేంద్ర గడ్డలు ఉన్నాయి, వచ్చే సంతకి పర్లాకిమిడి వస్తున్నా, నాలుగు తెచ్చిస్తాను. ఆడ బోడకాకర దుంపలు కూడా తెస్తాను, రాయగడ తమ్ముడు కావాలంటే గుణుపురం వచ్చి తీసుకోవచ్చు. గడ్డ కోసేటప్పుడు నడిమి మొలక కన్ను ప్రతి ముక్కకూ కొంచెం వచ్చేలా నిలువుగా కోయాలి, అడ్డంగా కాదు. కోసిన ముక్కల్ని చిక్కటి పేడనీళ్లలో ముంచి, నీడలో ఆరబెట్టి, మర్నాడు నాటు. ఈలోపు గుంటలు తవ్వించి ఎరువు వేసి ఉంచు.